నారింజ ఫిల్ములో దాక్కున్న నాన్న

మీ నాన్నగారి ఫొటోలు మీ దగ్గర ఎన్ని వున్నాయి? ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. నా దగ్గర నిన్నమొన్నటిదాకా మూడే వున్నాయి. రెండు పెళ్ళినాటివి, ఒకటి రేషన్ కార్డులోది. ఇరవయ్యేడేళ్ళు సినిమాహాల్లో ఆపరేటర్‌గా పనిచేసి, ఊరందరికీ బొమ్మ చూపించిన మనిషికి మిగిలిన బొమ్మలు మూడంటే మూడు! విడ్డూరం కాదూ?

పోయిన నెల అమ్మ అటకమీది ట్రంకుపెట్టె దింపించింది. అడుగున ఓ బిస్కట్ల డబ్బా. అందులో 1996 నాటి కలర్ నెగెటివ్‌లు. ఆ ఫొటోల ఆల్బం ఎప్పుడో వాననీళ్ళలో నానిపోయింది. నెగెటివ్‌లు అటకెక్కి బతికిపోయాయి! కిటికీ దగ్గర ఎత్తిపట్టి చూశాను. అంతా నారింజమయం. ముఖాలు నీలిగా, జుట్టు లేతగా... ఒక ఫ్రేములో ప్రొజెక్టర్ పక్కన మనిషి. నాన్నే! 2011లో పోయాడు. ఆ హాలూ ఇప్పుడు లేదు, దాని స్థానంలో ఫంక్షన్ హాలు వెలిసింది. నాన్న క్యాబిన్‌లో వుండగా తీసిన ఫొటో ప్రపంచంలో ఈ ఒక్కటే.

ఫొటో స్టూడియోకి పరుగెత్తాను. "ఇప్పుడా మిషన్ లేదండీ" అన్నారు. సరే, ఇంట్లోనే చేద్దామని కూర్చున్నాను. కూర్చోగానే చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? తడిగుడ్డతో తుడవడం! బూజు పట్టిన ఫిల్ముమీద నీళ్ళు పడితే పూతే కరిగి వచ్చేస్తుంది. పక్క ఫ్రేములో వున్న అక్క ముఖం అలా నా చేతిగుడ్డకి అంటుకుపోయింది. అది ఇక రాదు. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. గాలి కొట్టే రబ్బరు బ్లోయరూ, మెత్తటి పొడి బ్రష్షూ చాలు. ఫిల్ముని అంచులు పట్టుకునే ఎత్తండి.

ఇక అసలు పని. మిత్రుడి డిజిటల్ కెమెరా, దానికో మాక్రో లెన్సు అరువు తెచ్చుకున్నాను. కింద తెల్లటి ఎల్ఈడీ లైటు పలక, దానిమీద ఫిల్ము, పైన నిటారుగా కిందికి చూస్తూ కెమెరా. ఫిల్ము చుట్టూ మిగిలిన వెలుగుని నల్లకాగితంతో మూసేశాను. గదిలో దీపాలార్పేశాను. 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు వున్న ఆ చిన్న బొమ్మని రా ఫైలుగా తీశాను. అప్పుడు తట్టింది... వెనక దీపం, మధ్యలో ఫిల్ము, ముందు లెన్సు, చుట్టూ చీకటి. నాన్న రోజుకి నాలుగాటలు చేసిన పని ఇదే కదా!

ఫిల్ము అంచుమీది అక్షరాలు తిరగబడి కనిపిస్తే మీ బొమ్మ కూడా అద్దంలో బొమ్మేనని గుర్తు. భయం లేదు, కంప్యూటర్లో తిప్పుకోవచ్చు.

ఇంతకీ ఆ నారింజరంగు ఎందుకు? కలర్ ఫిల్ములో ముఖ్యంగా మూడు రకాల పొరలు. ఒకటి ఎరుపు వెలుగునీ, ఒకటి ఆకుపచ్చనీ, ఒకటి నీలాన్నీ పట్టుకుంటాయి. కడిగాక అవి వరసగా సియాన్, మెజెంటా, పసుపు రంగులవుతాయి. ఇందులో సియాన్, మెజెంటా అంత స్వచ్ఛమైన రంగులు కావు. ఆ లోపాన్ని సరిదిద్దడానికే ఫిల్ములోనే ఈ నారింజ ఛాయ అమర్చారు. ఇలాంటి ఫిల్ముల్ని కడిగే సి-41 పద్ధతిని కొడాక్ 1972లో తెచ్చింది.

అందుకే బొమ్మని ఉన్నపళంగా తలకిందులు చేస్తే నారింజ కాస్తా నీలమై అందరూ నీలమేఘశ్యాములవుతారు! ముందుగా, బొమ్మ పడని ఖాళీ అంచుని చూపించి కంప్యూటర్లో వైట్ బ్యాలెన్సు సరిచెయ్యాలి. ఆ తర్వాత తలకిందులు చెయ్యాలి. చివర్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికీ విడివిడిగా నలుపెక్కడ, తెలుపెక్కడ అన్నది దిద్దుకోవాలి.

అన్నీ చేశాను. నాన్న వచ్చాడు. ఆకుపచ్చ చొక్కాలో!

అమ్మ చూసి పెదవి విరిచింది. "మీ నాన్నకి పచ్చ చొక్కా ఏనాడూ లేదురా. అది ఖాకీ. ఇస్త్రీ చేసిన చెయ్యి నాది" అంది. కంప్యూటర్ మాట నమ్మాలా, అమ్మ మాట నమ్మాలా? 1957 నాటి నలుపు తెలుపు మాయాబజార్ 2010లో రంగుల్లో వచ్చినప్పుడు, ఏ నగకి ఏ రంగన్నది కళాకారులు నిర్ణయించారు. ఫిల్ములో రంగు సమాచారమే లేదు మరి. నా నెగెటివ్‌లో మాత్రం రంగుంది. దాన్ని సరిగ్గా చదవడం నాకే రాలేదు.

మళ్ళీ బొమ్మంతా వెతికాను. నాన్న తల వెనక ట్యూబ్‌లైటు. అదీ సంగతి! ఎండకి సరిపోయేలా చేసిన ఫిల్ముతో ట్యూబ్‌లైటు కింద తీస్తే పచ్చదనం తోసుకొస్తుంది. గోడమీద ఏదో పోస్టరు, దానికి తెల్లటి అంచు. ఆ అంచుని తెల్లగా చేసేదాకా పచ్చదనం తగ్గించుకుంటూ వచ్చాను. చొక్కా మెల్లమెల్లగా ఖాకీ అయింది. అమ్మే గెలిచింది!

మీ ఇళ్ళలోనూ ఏ బీరువా అడుగునో ఇలాంటి కవర్లుంటాయి. ఆ రంగులు ఏటేటా వెలిసిపోతున్నాయి. వేడీ, చెమ్మా వాటికి శత్రువులు. ఈ ఆదివారమే బయటికి తియ్యండి. లైటు పలక లేకపోతే ఫోను తెరని తెల్లగా వెలిగించి, ఫిల్ముని తెరకి కాస్త ఎత్తులో పట్టుకుని, ఇంకో ఫోనుతో తియ్యండి. గొప్పగా రాకపోయినా ఎవరి బొమ్మో తెలుస్తుంది. ఫైలు వచ్చింది కదా అని నెగెటివ్ మాత్రం పారెయ్యకండి. సినిమాకైనా, సంసారానికైనా అసలు ఆస్తి అదే. ఇంకో మాట. రంగులు దిద్దేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి.

బొమ్మ పెద్దది చేసి అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"రెండో గుండీ లేదు చూడు" అంది. "కుట్టమని రెండుసార్లడిగాడు. మర్చిపోయాను."

వచ్చేవారం కలుద్దాం.