పన్నుకు అడ్డురాని సరిహద్దు, రిజర్వేషన్‌కు ఎందుకు అడ్డం?

అనంతపురం జిల్లా నుంచి బెంగళూరు వెళ్లి, ప్రైవేటు కంపెనీలో నెలకు 30,000 రూపాయల జీతానికి పనిచేసే ఒక మాదిగ యువకుడిని తీసుకుందాం. కర్ణాటక ప్రభుత్వానికి వృత్తి పన్ను కింద నెలకు 200 రూపాయలు, ఫిబ్రవరిలో 300 రూపాయలు అతని జీతంలోంచి కోతపడతాయి. నీది ఏ రాష్ట్రం అని ఎవరూ అడగరు.

మన దేశంలో జీతం మీద ఆదాయపు పన్ను కేంద్రానిదే. అమెరికాలో న్యూజెర్సీలో ఉంటూ న్యూయార్క్‌లో పనిచేసేవాళ్లలా రెండు రాష్ట్రాలకు రిటర్నులు వేసే తిప్పలు మనకు లేవు. రాష్ట్రాలకు మిగిలింది వృత్తి పన్ను. 276వ అధికరణం ప్రకారం అది ఏడాదికి 2,500 దాటకూడదు. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్‌లలో ఆ పన్నే లేదు. చిన్న మొత్తమే, కాదనం. మేము అడుగుతున్నది దాని వెనకున్న సూత్రం గురించి: పని ఎక్కడో పన్ను అక్కడే.

అదే యువకుడు కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే లెక్క మారిపోతుంది. మాదిగ కులం ఆంధ్ర ఎస్సీ జాబితాలోనూ ఉంది, కర్ణాటక జాబితాలోనూ ఉంది. అయినా అతను అక్కడ జనరల్ అభ్యర్థే. 341వ అధికరణంలో షెడ్యూల్డ్ కులాలను 'ఆ రాష్ట్రానికి సంబంధించి' గుర్తిస్తారని ఉంది. దాన్ని పట్టుకుని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో, 1994లో యాక్షన్ కమిటీ కేసులో వలస వెళ్లినవాళ్లకు కొత్త రాష్ట్రంలో రిజర్వేషన్ వర్తించదని తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. కేంద్ర ఉద్యోగాలకు మాత్రం దేశమంతా చెల్లుతుంది.

అసలు దెబ్బ పిల్లలకు. బెంగళూరులోనే పుట్టి, అక్కడే ఇంటర్ దాకా చదివిన అమ్మాయికి తండ్రి సర్టిఫికెట్ ఆధారంగా కర్ణాటక ఇచ్చే కుల పత్రం సొంత రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ పనికొస్తుంది, కర్ణాటక సీట్లకు పనికిరాదు. సరే, ఆంధ్రకు వచ్చి ఇంజనీరింగ్ సీటు అడుగుదామంటే, చివరి నాలుగేళ్లు ఇక్కడ చదవలేదు గనుక స్థానికురాలు కాదు. 85 శాతం స్థానిక సీట్లు చేజారతాయి. అక్కడ ఎస్సీ కాదు, ఇక్కడ లోకల్ కాదు. తండ్రి పన్ను మాత్రం ఏ నెలా ఆగలేదు.

ఒక రాష్ట్రంలో అనుభవించిన వెనుకబాటు మరో రాష్ట్రంలో అదే స్థాయిలో ఉండకపోవచ్చని కోర్టుల తర్కం. స్థానిక దళితుల వాటా తగ్గకూడదన్న ఆందోళన కూడా న్యాయమైనదే, దాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ అద్దె ఇల్లు వెతికేటప్పుడు కులం అడిగే ఓనరుకు రాష్ట్ర సరిహద్దు కనిపించదు కదా. 2023లో బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ సొంత రాష్ట్రం దాటినా ఉంటుందని చెప్పింది. దెబ్బ తిన్నప్పుడు దేశమంతా ఎస్సీ అయిన మనిషి, సీటు అడిగినప్పుడు ఎందుకు కాడు? కనీసం రెండు జాబితాల్లోనూ ఉన్న కులాల పిల్లలకు, పుట్టి పెరిగిన చోట ఆ హోదా ఇచ్చేలా పార్లమెంటు చట్టం తేవాలి.