బొగ్గుబాయి జీతం, మిరపచేను కూలి

ప్రతి ఏటా దసరా ముందు మన ఊళ్ళల్లో ఒక మాట వినబడుతుంది. సింగరేణి లాభాల వాటా ప్రకటించిన మర్నాడు మిరపతోటలో కలుపు తీసే ఆడకూలీలు గానీ, రచ్చకట్ట మీది ముసలివాళ్ళు గానీ, "బాయి పనోళ్ళకు లక్షలకు లక్షలంట, మనకేమో నడుం నొప్పులు" అంటారు. సత్తుపల్లి, ఇల్లందు, మణుగూరు వైపు సంఘం పని మీద తిరిగే మాకు ఈ మాట వినని ఏడాది లేదు. అసూయ అని దీన్ని కొట్టిపారేయటం తప్పు. అడగవలసిన ప్రశ్నే అది. ఎవరిని అడగాలన్నది మాత్రం తేల్చుకోవాలి.

ముందు లెక్క చూద్దాం. 2023-24లో సింగరేణి లాభం 4,701 కోట్ల రూపాయలు. కార్మికులకు 33 శాతం వాటా అని 2024 సెప్టెంబరులో పెద్ద అక్షరాలతో ప్రకటించారు. కాని ఆ 33 శాతం మొత్తం లాభం మీద కాదు. విస్తరణ పనులకని 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద కట్టిన లెక్క అది. చేతికొచ్చింది 796 కోట్లు. అసలు లాభంలో ఇది సుమారు ఆరోవంతు మాత్రమే. సగటున ఒక్కొక్క పర్మినెంటు కార్మికునికి లక్షా 90 వేలు పడింది. అదే గనిలో అదే దుమ్ము పీల్చే 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు. వాళ్ళకు వాటా అంటూ ఇవ్వటం అదే మొదటిసారి. అంతా కలిపినా పన్నెండున్నర కోట్లు. లాభంలో రూపాయికి పైసాలో మూడోవంతు కూడా కాదు! మరుసటి ఏడు 34 శాతమన్నారు, కాంట్రాక్టు కార్మికుడికి 5,500 అయింది. అయిదు వందలు పెరిగాయి గదా, సంతోషించండన్నారు.

పర్మినెంటు కార్మికుల జీతం ఎవరి దయాభిక్షా కాదు. దేశంలోని ప్రభుత్వ రంగ బొగ్గు గనులన్నిటికీ కలిపి ఒకే వేతన ఒప్పందం ఉంటుంది. యాజమాన్యాలు ఒక పక్కన, కేంద్ర కార్మిక సంఘాలు మరో పక్కన కూర్చుంటాయి. మొదటి ఒప్పందం 1975 జనవరి నుంచి అమలైంది. ఇటీవలిది పదకొండవది. దాని చర్చల్లో యాజమాన్యం 3 శాతం పెంపుతో మొదలుపెట్టింది, సంఘాలు 47 శాతం అడిగాయి. చివరికి 19 శాతం మీద తెగింది. అలవెన్సులకు 25 శాతం. 2023 మే 20న సంతకాలయ్యాయి, కాని లెక్క 2021 జూలై 1 నుంచి. ఆలస్యమైన కాలానికి బకాయి కట్టారు. ధరలు పెరిగితే మూడు నెలలకొకసారి కరువు భత్యం మారుతుంది. క్వార్టరు, ఆసుపత్రి, పి.ఎఫ్., గ్రాట్యుయిటీ ఉంటాయి. కూలివాడికి ఇందులో ఏదుంది? 2025-26లో ఉపాధి పనికి మన రెండు రాష్ట్రాల్లో ప్రకటించిన రేటు రోజుకు 307 రూపాయలు. కొలతల పేరుతో అదైనా పూర్తిగా చేతికి రాదు.

దేశమంతటికీ ఒకే ఒప్పందం ఎందుకో మన కూలీలకు చెప్పటం తేలిక. మొన్న మిరప కోతలప్పుడు ఒక ఊళ్ళో కూలి పెంచమని అడిగాం. "మీరు రాకపోతే పక్క ఊరి నుంచి ఆటోల్లో దింపుకుంటాం" అన్నారు రైతులు. ఆ రోజు మేం రైతులతో వాదించలేదు. రాత్రికి రాత్రే పక్క ఊరి కూలిపేటకు పోయి, "మీ ఊళ్ళో మీరు అడిగిన రోజున మేం రాం, మా ఊరికి మీరు రావద్దు" అని మాట తీసుకున్నాం. రెండు రోజులు ఆటోలు ఖాళీగా తిరిగాయి. మూడోనాడు కూలి పెరిగింది. (అడిగినంత కాదు. అయిదెకరాల కౌలు రైతు మొహం చూసి మేమే కొంత తగ్గాం. మిర్చి ధర పడితే అతనూ మన వరసలోకే వస్తాడు.) గనుల ఒప్పందమూ ఇదే సూత్రం మీద నిలబడింది. ఒక బాయిలో తక్కువ కూలికి మనిషి దొరికితే ఇంకో బాయిలో జీతం నిలవదు.

మరి ఆ సూత్రం తెలిసిన సంఘాలు గని లోపలికే ఆటోలు వస్తుంటే ఏం చేశాయి? 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్ష మందికి పైగా పర్మినెంటు కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. రిటైరైనవాడి జాగాలో, ఓపెన్ కాస్టుల మట్టి పనిలో కాంట్రాక్టరు దిగాడు. వాళ్ళంతా ఎవరి పిల్లలు? మన కూలీల పిల్లలే. గుర్తింపు సంఘం కోసం 1998 నుంచి రహస్య బ్యాలెట్ జరుగుతున్నది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో ఏఐటీయూసీ గెలిచింది. ఏ సంఘం గెలిచినా కాంట్రాక్టు కార్మికుడికి మాత్రం ఓటు లేదు. ఓటు లేనివాడి సంగతి చర్చల బల్ల మీద ఆఖరున వస్తుంది, టీ వచ్చే వేళకు. సోదర సంఘాల మీద ఈ మాట అనటం మాకు కష్టంగానే ఉంది. కాని అనక తప్పదు.

కోల్ ఇండియాలో ఉన్నతస్థాయి కమిటీ 2013లోనే కాంట్రాక్టు గని కార్మికులకు వేరే రేట్లు నిర్ణయించింది. నైపుణ్యం అక్కరలేని పనికి రోజుకు 464 రూపాయల నుంచి రేట్లు మొదలయ్యాయి. ఆ వేతనాలు మాకూ ఇవ్వమనే 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. ఆ 18 రోజులూ వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది ఆడవాళ్ళ కూలి డబ్బుతోనే. చేను కూలి తక్కువైతే గని సమ్మె త్వరగా విరుగుతుందని ఆనాడు మాకు కండ్లారా తెలిసింది. గనిలో కాంట్రాక్టు రేటు తక్కువగా ఉన్నంతకాలం మన పిల్లలు చేనుకూ గనికీ మధ్య తిరుగుతూనే ఉంటారు, రెండు చోట్లా రేటు పడుతూనే ఉంటుంది.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబరు కోడ్‌లు అమలులోకి వచ్చాయి. ఇదివరకు ప్రజావసర సర్వీసులకే ఉన్న సమ్మె నోటీసు నిబంధన ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ చుట్టారు. రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె చేస్తే చట్టవిరుద్ధం. చర్చలు ఎంతకాలం సాగదీయాలో యాజమాన్యానికి చెప్పనక్కరలేదు.

బొగ్గు గనుల పదకొండవ ఒప్పందం గడువు 2026 జూన్ 30. కాంట్రాక్టు కార్మికుడి రేటు దాని తర్వాతి ఒప్పందపు కాగితంలోనే రాయాలని గని సంఘాలను అడుగుదామని మా మండల కమిటీలో అనుకున్నాం. అడిగేముందు మన దగ్గర లెక్క ఉండాలి గదా. మట్టి పనికి పోయే మన ఊళ్ళ పిల్లలను జీతం చీటీలు తెమ్మన్నాం. పదకొండు మంది వచ్చారు. నలుగురి దగ్గరే చీటీలున్నాయి. మిగతావాళ్ళకు కాంట్రాక్టరు ఇన్నేళ్ళలో ఒక్క చీటీ ఇవ్వలేదు. ఒక పిల్లవాడు తన పి.ఎఫ్. నంబరు అరచేతి మీద రాసుకొచ్చాడు, చెమటకు సగం చెరిగిపోయింది. మిగిలిన అంకెలు నోటుబుక్కులో ఎక్కించుకున్నాం.