చిన్న హామీయే కదా అనుకుంటే

నాయకుణ్ని చేసిన పనిని బట్టి తూచాలి, ఇచ్చిన ప్రతి మాటనూ పట్టుకుని వేలాడితే పాలన సాగదు అన్న అభిప్రాయం రాజకీయాల్లో స్థిరపడిపోయింది. పెద్ద పనులు చేసి చూపిస్తే చిన్న హామీలను జనమే మరిచిపోతారని ఈ వాదం చేసేవారి ధీమా. ఆంధ్రప్రదేశ్ తొలి పదిహేనేళ్ల చరిత్ర ముందు ఆ ధీమా నిలవదు.

ఆంధ్ర, తెలంగాణలను ఒకే రాష్ట్రంగా కలపడానికి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద ఆంధ్ర నాయకులు నలుగురు, తెలంగాణ నాయకులు నలుగురు సంతకాలు చేశారు. ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే వంటి బరువైన షరతుల మధ్య అమలుకు అతి తేలికైనది ఒకటుంది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలి. దానికి నిధులు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. నవంబర్ 1న ముఖ్యమంత్రి అయిన నీలం సంజీవరెడ్డి, తాను కూడా సంతకం పెట్టిన ఆ షరతును పక్కన పెట్టేశారు. ఆ పదవిని ఆయన ఆరో వేలుతో పోల్చారని తెలంగాణలో దశాబ్దాల తరబడి చెప్పుకున్నారు.

సంజీవరెడ్డి సమర్థుడే. ఆయన హయాంలో 1959లో రాష్ట్ర పంచాయతీరాజ్ వ్యవస్థ తెలంగాణలోని షాద్‌నగర్‌లోనే మొదలైంది. ఆ పేరుతో మాత్రం పాత మాట చెరిగిపోలేదు. చేతిలో ఉన్న తేలిక పనే చేయనివారు కష్టమైనవి చేస్తారని ఎవరు నమ్ముతారు?

1969 జనవరిలో పాల్వంచ థర్మల్ కేంద్రం ఉద్యోగాల దగ్గర రాజుకున్న ఆందోళన ఈ సంగతిని తేటతెల్లం చేస్తుంది. మొదట్లో చాలామంది విద్యార్థులు కోరింది ఒప్పందం అమలు. వేరే రాష్ట్రం డిమాండ్ దాన్ని మించిపోవడానికి ఎన్నాళ్లో పట్టలేదు. ఆ నెల 19న అఖిలపక్షం కుదిర్చిన రాజీ కూడా జనాన్ని శాంతింపజేయలేకపోయింది. 1971లో దేశమంతా ఇందిరా గాంధీ గాలి వీస్తుండగా వేరే రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజాసమితి పార్టీ ఆ ప్రాంతంలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచింది. జనం మరిచిపోతారన్న వాదానికి ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

ఈ అపనమ్మకం తర్వాత వచ్చిన ప్రభుత్వాలకూ వారసత్వంగా అందింది. తెలంగాణలోని స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలంటూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చి, 1986 మార్చి 31 గడువు పెట్టింది. ఆ గడువు గడిచిపోయింది. అమలు తీరు తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయవలసి వచ్చింది.

పరిస్థితులు మారితే మాట కూడా మారక తప్పదన్నది ఈ వాదానికి చివరి ఆసరా. నిజంగా మారినప్పుడు ఆ మాట ఎవరికిచ్చారో వారి ముందే సంగతి విప్పి చెప్పి, కొత్త ఒప్పందం చేసుకోవచ్చు. ఇక్కడ ఆ సాకు కూడా చెల్లదు. 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య హయాంలో కె.వి. రంగారెడ్డి ఉప ముఖ్యమంత్రిగా పనిచేశారు, ప్రభుత్వం మామూలుగానే నడిచింది. 1962లో సంజీవరెడ్డి తిరిగి ముఖ్యమంత్రి కాగానే ఆ పదవి మళ్లీ లేకుండా పోయింది. ఒప్పందం అదే, రాష్ట్రమూ అదే, మారింది ముఖ్యమంత్రి ఒక్కరే.