ఫారం 700 మీది సంతకము

— మిల్టన్ వాసి

నవంబరు 11వ తేదీన, పదకొండు గంటలవేళ, కెనడాలోని మిల్టన్ పట్టణమున విక్టోరియా పార్కులోని యుద్ధస్మారకమునొద్ద జనులు చలిలో తలలు వంచి నిలుచుండునప్పుడు, మన తెలుగు కుటుంబములవారును పిల్లల చేతులు పట్టుకొని ఆ గుంపులో నిలుచుట నాకు మిక్కిలి సంతోషము గలిగించు విషయము. ఈ దేశపు అన్నము తినుచున్నవారము గనుక ఈ దేశపు మృతవీరులకు మనమును ఋణపడియున్నాము. అయితే ఈ స్మృతికార్యములందు ఒక వర్గమువారికి చాలినంత చోటు లేదని బహుకాలముగా నా మనసునకు తోచుచున్నది. వైమానికుని గూర్చి చెప్పుదుము, అతని విమానమును గూర్చి చెప్పుదుము. ఆ విమానము ఎగురుటకు యోగ్యముగా నున్నదని రాత్రివేళ మసక దీపము పట్టి పరీక్షించి సంతకము చేసిన మెకానిక్కును గూర్చి మాత్రము చెప్పము.

ఆ సంతకము సామాన్యమైనది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటనులోని వైమానిక స్థావరములలో ప్రతి విమానమునకును ఫారం 700 అను ఒక పత్రము ఉండెడిది. భారత వాయుసేనయు దానిని అనంతరకాలమున వారసత్వముగా నిలుపుకొన్నది. ఇంజను చూచు ఫిట్టరు, రెక్కలు, తోక, చక్రములు మొదలగు కాయభాగమును చూచు రిగ్గరు, ఆయుధములు చూచు ఆర్మరరు, ఎవరి పని వారు ముగించి అందులో సంతకము చేసినపిమ్మటనే పైలటు దానిక్రింద తన సంతకము చేసి విమానమును స్వీకరించెడివాడు. పైలటునకు ఆ చేవ్రాళ్లను నమ్ముట తప్ప మరొక మార్గము లేదు. ఒక్క నట్టు వదులైనను మరణించునది తాను కాదనియు, తాను పేరుపెట్టి పిలుచు ఏడుగురు యువకులనియు ఎరిగి సంతకము చేయు మెకానిక్కునకు ఆ రాత్రి నిద్ర ఎట్లు పట్టెడిదో పాఠకులే ఊహింపవలెను.

లాంకాస్టరు బాంబరునకు 4 మెర్లిన్ ఇంజన్లు. ఇంజనుకు 12 సిలిండర్లు. సిలిండరుకు 2 ప్లగ్గులు. వెరసి 96 ప్లగ్గులు. వీటిని ఇంగ్లండులోని యార్క్‌షైరు మైదానములలో, కెనడియనుల ఆరవ బాంబర్ గ్రూపు స్థావరములందు, తరచుగా హాంగరు కప్పు సైతము లేక, రన్‌వేకు దూరముగా ఆరుబయట నిలిపిన విమానముపై కెక్కి, శీతగాలిలో విప్పి బిగింపవలెను. దళసరి చేతితొడుగులు వేసికొన్నచో సన్నని భాగములు వ్రేళ్లకు చిక్కవు. తీసివేసినచో మంచుపట్టిన లోహము చర్మమును పట్టుకొనును. సాయంకాలమున విమానములు లేచిపోవును. తెల్లవారుజామున అవి మరలివచ్చు వేళకు మెకానిక్కులు మరల అచ్చటికి వచ్చి ఆకాశమువంక చూచుచు లెక్క పెట్టుకొందురు. బ్రిటిషు వాయుసేన బాంబర్ కమాండున యుద్ధము ముగియునాటికి మరణించిన వైమానికులు 55,573 మంది. వారిని మోసిన ప్రతి విమానమును చివరిసారి తాకి పంపినవారు భూమిమీద మిగిలినారు. విమానము రానినాడు తమ పనిలో లోపమేదైన జరిగెనా యను శంక వారికి ఎన్నటికిని తీరునది కాదు, ఏలనన ఆ శంకను తీర్పగల యంత్రము శత్రుదేశమున దగ్ధమైపోయినది.

1939 డిసెంబరు 17వ తేదీన ఒట్టావాలో కుదిరిన కామన్‌వెల్తు వైమానిక శిక్షణ ఒప్పందము క్రింద కెనడా 1,31,553 మంది వైమానికులను తీర్చి యిచ్చెను. ఈ సంఖ్యను గ్రంథములన్నియు గర్వముతో ఉదాహరించును. ఆ శిక్షణకేంద్రములను నడుపుటకు లక్షకు మించిన సిబ్బంది కావలసివచ్చెననుట అంత తరచుగా వినబడదు. మనకు పడమటనున్న సెయింట్ థామస్ పట్టణమున, మానసిక రోగులకై కట్టిన విశాలమైన ఆసుపత్రి భవనములలో, వాయుసేన సాంకేతిక శిక్షణాలయమును నెలకొల్పి, పొలములనుండియు చిన్న కార్ఖానాలనుండియు వచ్చిన పిల్లలకు ఇంజను విప్పుటయు కూర్చుటయు నేర్పిరి. ట్రాక్టరు బాగుచేసిన చేతులే మెర్లిన్ ఇంజనును బాగుచేసినవి.

మన పౌరాణికుల కథలో దశరథుడు యుద్ధము చేయుచుండగా రథచక్రపు ఇరుసు చీల ఊడెననియు, కైక తన వ్రేలిని అందు జొనిపి రథము పడకుండ నిలిపెననియు, అందులకు ఆమె రెండు వరములు పొందెననియు విందుము. విజయము ధనుస్సుదే కాదనియు, చీల స్థానమున నిలిచిన వ్రేలిది కూడ ననియు మన పెద్దలు ఎరుగుదురు. ఆధునిక యుద్ధము ఆ మాత్రపు కృతజ్ఞత చూపలేదు. బాంబర్ కమాండు అధిపతి ఆర్థర్ హారిస్ తన భూసిబ్బందికి ప్రత్యేక పతకము కావలెనని కోరగా ప్రభుత్వము సమ్మతింపలేదు. వారికి ఇంటిపట్టున కాపలా కాచినవారికి ఇచ్చు డిఫెన్స్ మెడల్ చాలునన్నది. అట్లయిన తనకును అదియే చాలునని హారిస్ పట్టుపట్టెను. నగరములపై ఆయన జరిపించిన బాంబుదాడులను నేను సమర్థింపజాలను. కాని ఈ ఒక్క విషయమున ఆయన పట్టుదల ధర్మమైనదని నా నిశ్చితాభిప్రాయము.

ఇదంతయు తెల్లవారి చరిత్ర, మనకేమి సంబంధమని అడుగువారు కలరు. 1942 ఏప్రిల్ 4వ తేదీన, మన సమీపమునందలి సెయింట్ కాథరిన్స్‌లో పుట్టిన లెనార్డ్ బర్చెల్, సింహళములోని కొగ్గల నుండి కాటలీనా విమానములో వేకువజామున బయలుదేరి సాయంకాలమువరకు సముద్రముపై తిరిగి, సింహళముపైకి వచ్చుచున్న జపాను నౌకాదళమును కనిపెట్టి వార్త పంపెను. శత్రువులు ఆయన విమానమును కూల్చి, బ్రతికినవారిని బందీలుగా తీసికొనిపోయిరి. ఆ దండయాత్రలోనే వేరొక జపాను దళము ఏప్రిల్ 6వ తేదీన మన విశాఖపట్టణముపై, కాకినాడపై బాంబులు వేసినది. బర్చెల్‌కు దక్కిన కీర్తి ఆయనకు తగినదే. కాని అన్ని గంటలు ఆ రెండు ఇంజన్లు ఆగక పనిచేయుట వలననే కదా ఆయన అంతదూరము చూడగలిగెను!

ఇక మనవారి సంగతి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో భారత వాయుసేన ఒకటవ స్క్వాడ్రను, మజుందార్ నాయకత్వమున, బర్మాలోని టౌంగూ చేరినది. వారివి లైసాండర్లు, సైన్యమునకు దారి చూపుటకును వార్తలు మోయుటకును చేసిన విమానములు. వాటికే బాంబులు తగిలించి సరిహద్దు దాటి శత్రువుల విమానాశ్రయముపైకి పంపిరి. తగిలించిన చేతులు భూసిబ్బందివి. స్వాతంత్ర్యానంతరము 1948లో వారి వారసులు చేసిన పని మరింత ఆశ్చర్యకరమైనది. అమెరికాలో తయారైన లిబరేటరు బాంబర్లు యుద్ధానంతరము కాన్పూరులో పడియుండెను. ఇతరులెవరును మరల ఎగురవేయకుండునట్లు వాటిని వదలిపోయినవారు బుద్ధిపూర్వకముగా చెడగొట్టి విడిచిరి. ఆ శిథిలములనుండి నలుబదికి మించిన విమానములను తాత్కాలికముగా సరిచేసి, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ పైలటు జమ్‌షెడ్ మున్షీ బెంగుళూరునకు ఎగిరించుకొనిపోగా, అచ్చటి కార్మికులు వాటికి పూర్ణాయుష్యము పోసిరి. అవి ఇరువది యేండ్లు మన సముద్రతీరములను కాచినవి.

వాటిలో నొకటి నేడు కెనడాలోనే యున్నది. 1968లో భారతదేశము HE773 అను లిబరేటరును ఈ దేశమున కిచ్చినది; అది మరమ్మతు చేసిన రెక్కలతోనే సముద్రములు దాటి వచ్చి ఒట్టావా వైమానిక ప్రదర్శనశాలలో నిలిచినది. బదులుగా ఇచ్చటినుండి ఒక లైసాండరు ఢిల్లీ పాలం ప్రదర్శనశాల చేరినది. ఒట్టావా వెళ్లినప్పుడు పార్లమెంటు భవనముముందు ఫొటోలు తీసికొని మరలివచ్చు మన కుటుంబములు, బెంగుళూరు పనివారి చేతులు తాకిన ఆ లోహమును చూడకుండ వచ్చుట నాకు బాధాకరము.

మన మిల్టన్ పనిముట్టు విలువ తెలిసిన ఊరు. స్క్రూడ్రైవరు జారి తన చేయి కోసుకొనుటచేత చతురస్రపు గుంటగల స్క్రూను కల్పించిన పీటర్ రాబర్ట్‌సన్ 1908లో తన కార్ఖానాను ఇచ్చటనే నెలకొల్పెను. సమీపమున మాల్టనులో 430 లాంకాస్టర్లు తయారైనవి. వానిలో ఒకటి హామిల్టన్ చెంత మౌంట్ హోప్ ప్రదర్శనశాలలో నేటికిని ఎగురుచున్నది. 2014లో అది బ్రిటనుకు పోయినపుడు ఒక ఇంజను మొరాయింపగా, అచ్చటివారు తమ ఇంజనును ఎరువిచ్చి మరల ఎగిరించిరి. ఆ విమానమును సాకుచున్నవారిలో అధికులు స్వచ్ఛందసేవకులు. వచ్చే నవంబరులో పార్కునుండి నేరుగా పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి, కప్పు తీసిన ఇంజనును వారికి చూపవలెనని మన సంఘములవారిని కోరుచున్నాను.

మరొక్క కోరిక. పిల్లలయొద్ద ఉండుటకై ఈ ఊరికి వచ్చిన మన తాతలలో భారత వాయుసేనలో ఫిట్టర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా పనిచేసి విరమించినవారుందురు. విందులలో వారిని ఒక మూల కుర్చీలో కూర్చుండబెట్టి ఆరోగ్యము మాత్రమే విచారింతుము. వారియొద్ద కూర్చుండి, ఏ విమానముమీద పనిచేసిరో, యుద్ధరాత్రులలో దీపములార్పిన హాంగరులో పని ఎట్లు సాగెడిదో అడిగి, వారి మాటలలోనే తెలుగున వ్రాసి ఉంచవలెను. 1971 యుద్ధమునాటి ఇరువది యేండ్ల యువకుడు నేడు డెబ్బది దాటియున్నాడు. ఈ శీతకాలమే మొదలుపెట్టవలెను.