నల్లేరుకు గట్టు మీద చోటుంచుదాం

‘నల్లేరు మీద బండి నడక’ అని ఊరికే అనేస్తుంటాం. ఆ నల్లేరు ద్రాక్ష కుటుంబానిదేనంటే చాలామంది నమ్మరు. వీడియోలో దగ్గరగా చూడండి: నాలుగు పలకల కాడ, కణుపుల దగ్గర నులితీగలు, పండితే ఎర్రబడే చిన్న కాయలు. రాళ్ల గుట్టలు, ముళ్లపొదలు, పాత కంచెలు, ఇలా నీళ్లు నిలవని చోటే దాని ఇల్లు. కాడలోనే నీరు దాచుకుంటుంది కాబట్టి ఎండలకు తట్టుకుంటుంది.

మన కృష్ణా డెల్టాలో మడి నిండా నీళ్లే. నల్లేరుకు మిగిలింది గట్టూ కంచే. అక్కడా గడ్డిమందు కొడుతున్నాం, కంచె పీకి సిమెంటు స్తంభాలు పాతుతున్నాం. మడిలో జీవామృతం పోసి గట్టు మీద మందు కొడితే అది ప్రకృతి వ్యవసాయం ఎలా అవుతుందండీ?

లేత కాడల నార తీసి, దురద పెట్టకుండా చేతులకు నూనె రాసుకుని, చింతపండు వేసి పచ్చడి నూరేవాళ్లు మన పెద్దలు. ఇప్పుడేమో ఎముకల బలానికంటూ అదే నల్లేరు పొడిని డబ్బాల్లో కొంటున్నాం.

ఖర్చేమీ లేదు. రెండు కణుపులున్న ముక్క తెచ్చి కంచె మొదట్లో గుచ్చండి. మందు మాత్రం కొట్టకండి. మిగతాది అదే చూసుకుంటుంది.