భీముకు నినాదం రాసిచ్చినదెవరు?

‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) నృత్యాలకు, పోరాటాలకు నేనూ అభిమానినే. ముగింపును మాత్రం అంగీకరించలేను. ఏం కావాలని రామరాజు అడిగితే, కొమురం భీం చదువు కావాలంటాడు; జెండాపై ‘జల్, జంగల్, జమీన్’ అని రాసేది రామరాజే.

నిజాం అటవీ అధికారుల దౌర్జన్యాన్ని ఎదిరించి, గోండులను కూడగట్టి, 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన నాయకుడాయన. ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన నినాదాన్ని ఆయనకే మరొకరు దానం చేయడమా? కల్పిత కథ అన్న సమర్థన చెల్లదు. కల్పనలోనైనా గురువెవరో, శిష్యుడెవరో నిర్ణయించేది దర్శకుడే. ఆదివాసికి ధైర్యం మాత్రమే ఉంటుందని, ఆలోచన మనమే నేర్పాలని నమ్మే అహంకారమది.

2021 అక్టోబరులో, అడవిని బొగ్గు గనులకు ఇవ్వవద్దంటూ హస్‌దేవ్ ఆదివాసులు నేనుండే రాయ్‌పూర్‌కు దాదాపు 300 కిలోమీటర్లు నడిచి వచ్చారు. వారికి నినాదం రాసిచ్చిన రామరాజు ఎవరు?