మొద్దు అనే ముందు ఒక్క మాట!

బి.యస్‌సి. తృతీయ సంవత్సరం, భౌతిక శాస్త్రం

మన పల్లెల్లో పసిపిల్లలకు చాలా తేలిగ్గా దక్కే బిరుదులు కొన్ని ఉన్నాయి. మొద్దు, మొండి, సోమరి, చేతకానివాడు. ఈ బిరుదులు ఇవ్వడానికి ఏ సభా జరపనక్కర్లేదు. పలక మీద 'అ' వంకరగా వస్తే చాలు! ఒకసారి ఇచ్చిన బిరుదును వెనక్కి తీసుకునే ఆచారం కూడా మనకు లేదు. దాన్ని ఎనిమిదో తరగతి దాకానో, పదో తరగతి దాకానో మోసి, అక్కడ బడి మానేసి కూలికి పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ నలుగురైదుగురు ఉంటారు. చెయ్యి తిరగని పిల్లవాడికి కావలసింది శిక్ష కాదు, శిక్షణ అనీ, ఆ శిక్షణ వాడు రోజూ కూర్చునే బడిలోనే అందాలనీ నా వాదన. ఆ శిక్షణ పేరే ఆక్యుపేషనల్ థెరపీ.

ఈ పేరు వినగానే చాలామంది ఇదేదో ఉద్యోగానికి సంబంధించిన సంగతి అనుకుంటారు. మా ఊళ్లో చెబితే ఒక పెద్దాయన "అయితే మా వాడికీ ఒక వుద్యోగం చూపించమని అడుగబ్బయ్యా" అన్నాడు. నిజానికి ఇక్కడ 'ఆక్యుపేషన్' అంటే మనిషి రోజూ చేసుకునే పని. ఆరేళ్లవాడికి పనులేమిటి? అన్నం కలుపుకుని తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, ఆడుకోవడం, అక్షరాలు దిద్దడం. ఇవి చేసుకోలేకపోతే ఎక్కడ అడ్డు వస్తున్నదో కనిపెట్టి, ఆ అడ్డును దాటించడమో, పనినే పిల్లవాడికి అనువుగా మార్చడమో ఈ విద్య చేసే పని.

మాది వ్యవసాయ కుటుంబం. శ్రీహరికోటకు ఇవతల, పులికాట్ సరస్సుకు పడమటి వైపు మా ఊరు. రాకెట్టు లేస్తే మా కళ్లంలో నిలబడి చూస్తాం. మా అక్క కొడుక్కి ఆరేళ్లు. వాడు మాటల్లో గట్టివాడు. పొడుపు కథలు చెబుతాడు, ఎడ్ల పేర్లు, గేదెల పేర్లు, ఎవరి పొలంలో ఏ రకం వరి వేశారో అన్నీ చెబుతాడు. కానీ బలపం పట్టుకుంటే ఠప్పున విరుగుతుంది. పెన్సిలు నొక్కితే కాగితం చిరుగుతుంది. నాలుగక్షరాలు రాసేసరికి చెయ్యి నొప్పి అంటాడు. గుండీ పెట్టుకోవడానికి వాళ్లమ్మ కావాలి. వాణ్ణి చేర్పించిన బడిలో మొదటి ఏడాదే తేల్చేశారు. "వీడి తలకి ఎక్కదమ్మా, మొద్దు" అని అక్కకు చెప్పి, రాయని రోజల్లా వరండాలో నిలబెట్టారు. మా అమ్మ మాత్రం "పెద్దయితే అదే వస్తాదిలే" అంది. ఒకరిది శిక్ష, మరొకరిది ఓదార్పు. లోపం ఎక్కడుందో చూద్దామని ఇద్దరికీ తోచలేదు.

ఇక్కడ నాకు మా పొరుగునే ఉన్న శ్రీహరికోట చరిత్ర గుర్తుకు వస్తుంది. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి యస్.యల్.వి.-3 మొట్టమొదటిసారి పైకి లేచింది. పదిహేడు టన్నుల బరువు, నాలుగు దశల వాహనం. మొదటి దశ చక్కగా పని చేసింది. రెండో దశలో అదుపు తప్పి, కాసేపటికే బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ పనికి సారథి అబ్దుల్ కలాం గారు. విలేఖరుల ముందుకు మాత్రం ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ గారే వచ్చి బాధ్యతను తమ మీద వేసుకున్నారు. 2002లో ఆ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. తర్వాత నిపుణులు కూర్చుని వెతికారు. రెండో దశ అదుపు వ్యవస్థలో ఒక చిన్న వాల్వు దుమ్ము చేరి మూసుకోలేదు. దాంతో నైట్రిక్ ఆమ్లం ముందే కారిపోయింది. లోపం దొరికింది, సరిచేశారు. ఏడాది తిరక్కుండానే, 1980 జులై 18న, అదే రకం వాహనం 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలబెట్టింది.

ఆ రోజు ఎవరైనా రాకెట్టును 'మొద్దు' అన్నారా? దాన్ని వరండాలో నిలబెట్టారా? ఏ దశలో, ఏ వాల్వులో లోపం ఉందని అడిగారు. మా నాన్న కూడా అంతే. వరినారు ఎర్రబడితే నారును తిట్టడు. జింకు తక్కువైందా, నీరు నిలిచిందా అని మడిలోకి దిగి వేరు పీకి చూస్తాడు. ఇనుముకూ నారుకూ చూపించే ఈ ఓర్పును పసిబిడ్డకు ఎందుకు చూపించమన్నదే నా ప్రశ్న.

చివరికి ఒక డాక్టరు గారు చెబితే అక్క వాణ్ణి చెన్నైలో ఒక థెరపిస్టు దగ్గరకు తీసుకుపోయింది. తోడుగా నేనూ వెళ్లాను. ఆమె ముందుగా వాడి నోటుపుస్తకం అడగలేదు. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి పాదాలు చూసింది. అవి నేలకు అందక గాలిలో ఊగుతున్నాయి. పాదం ఆనకపోతే నడుము నిలవదు, నడుము నిలవకపోతే భుజం కుదురుగా ఉండదు, భుజం కుదరకపోతే వేళ్లకు పట్టు రాదని చెప్పింది. భౌతిక శాస్త్రం చదివేవాణ్ణి కనుక నాకు వెంటనే అర్థమైంది. ఆధారం లేని మీటతో ఏ బరువూ లేవదు గదా! తర్వాత వాడి గుప్పిట బలం, కన్నూ చెయ్యీ కలిసి పని చేసే తీరు, వేళ్లు చూడకుండా వస్తువును పోల్చుకునే తీరు ఒక్కొక్కటే పరీక్షించింది. ఇలా ఒక పనిని మెట్లు మెట్లుగా విడదీసి, ఏ మెట్టు దగ్గర కాలు జారుతున్నదో చూడడమే ఈ విద్యకు ప్రాణం.

ఆమె ఇచ్చిన సలహాల్లో చాలావాటికి ఖర్చే లేదు. కాళ్ల కింద రెండు ఇటుకలు. పలకకు కొంచెం ఏటవాలు. పొడుగు బలపానికి బదులు అంగుళం ముక్క, ఎందుకంటే చిన్న ముక్కను గుప్పిటతో పట్టడం కుదరదు, మూడు వేళ్లతోనే పట్టాలి. రాతకు ముందు పిండి పిసకడం, వేరుశనక్కాయలు వలవడం, చింతగింజలు ఏరడం. మన వామనగుంటలు, అచ్చనగాయలు కూడా వేళ్లకు మంచి కసరత్తేనట! అయితే ఏ పిల్లవాడికి ఏది, ఎంతసేపు, ఎప్పుడు మార్చాలి అన్నది చదువుకున్న థెరపిస్టే చెప్పాలి. చింతగింజలు మన దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. లేనిది ఆ చూసే కన్ను.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్ రైలు ఉన్న మాట నిజమే. కానీ వారానికి రెండుసార్లు పోవాలంటే రెండు రోజుల పని పోతుంది, బిడ్డకు రెండు రోజుల బడి పోతుంది. కోతల రోజుల్లో అక్క మానేసింది. ఆమెను తప్పు పట్టగలమా? పైగా అక్కడ నేర్చుకున్నది బడిలో నిలవలేదు. అక్కడ వాడి ఎత్తుకు తగిన కుర్చీ. ఇక్కడ పెద్దపిల్లల బెంచీ. అక్కడ చిన్న బలపం, ఇక్కడ "అందరిలాగా పట్టుకో" అనే గదమాయింపు. పిల్లవాడు రాయవలసింది బడిలో. కాబట్టి థెరపిస్టు చూడవలసింది కూడా ఆ బెంచీని, ఆ పలకను, ఆ వెలుతురును. ఉపాధ్యాయుడితో పక్కన కూర్చుని మాట్లాడవలసిందీ అక్కడే. అప్పుడు రోజూ పది నిమిషాల సాధన టీచరు గారే చేయించగలరు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో 1917లోనే ఈ విద్యకు ఒక సంఘం ఏర్పడింది. మన దేశంలో కమలా నింబ్కర్ గారు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి పునాది వేశారు. 1975లో అమెరికా చేసిన చట్టం వికలాంగ బాలల చదువుకు అవసరమైతే ఈ చికిత్సను బడే ఉచితంగా అందించాలన్నది. మనకూ 2009 విద్యాహక్కు చట్టం ఉంది, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఓర్పుతో పని చేస్తున్నారు.

అయినా మా మేనల్లుడి వంటివాళ్లు జల్లెడలోంచి జారిపోతున్నారు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ముఖ్యమైన ప్రత్యేక సదుపాయాలకు నలభై శాతం వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్టు కావాలి. మెదడు ఎదుగుదలలో తేడా వల్ల చెయ్యి కుదరని పిల్లల స్థితికి వైద్యులు పెట్టిన పేరు ఆ 21లో విడిగా లేదు. బడి పిల్లల్లో నూటికి అయిదారుగురికి ఈ ఇబ్బంది ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు! వాళ్లు వికలాంగులూ కారు, మామూలు వాళ్లూ కారు. అందుకే వాళ్లకు మిగిలిన సర్టిఫికెట్టు 'మొద్దు' ఒక్కటే.

"అన్ని బళ్లకూ థెరపిస్టులను ఎక్కడినుంచి తెస్తారు? ఉన్న టీచర్లే చాలడం లేదు గదా" అని కొందరు మిత్రులు అడుగుతారు. సబబైన ప్రశ్నే. బడికొకరు అక్కర్లేదు. మండలానికొకరు చాలు. భవిత కేంద్రంలో కూర్చుని, వంతులవారీగా బళ్లకు తిరిగితే, ఒకటి రెండు తరగతుల పిల్లల్నందరినీ ఏడాదిలో ఒక్కసారైనా చూడవచ్చు. మిగతాది శిక్షణ పొందిన టీచరు, ఇంట్లో తల్లి చేస్తారు. సర్టిఫికెట్టుతో పని లేకుండా, "ఈ బిడ్డకు చెయ్యి తిరగడం లేదు" అన్న టీచరు మాటనే అర్జీగా తీసుకోవాలి. వంకర గీతను ఆరో ఏట దిద్దితే ఇటుకలతో, బలపం ముక్కలతో పోతుంది. పదహారో ఏట దిద్దాలంటే చేతితో పాటు, విరిగిన మనసును కూడా అతకాలి.

ఈ సంచికను చదివే పూర్వ విద్యార్థుల్లో ఎందరో నేడు ప్రధానోపాధ్యాయులుగా, డాక్టర్లుగా, అధికారులుగా ఉన్నారు. మీ పరిధిలోని ఒక్క మండలంలో ఈ ఏర్పాటు చేసి చూడండి. గురువులకు నా మనవి, బి.ఇడి.కి పోయే మన విద్యార్థులకు ఈ విషయం ఒక్క గంటైనా చెప్పించండి. ఇక విద్యార్థి మిత్రులారా! ఏటా ఎన్.ఎస్.ఎస్. శిబిరం పేరుతో ఏడు రోజులు ఏదో ఒక ఊళ్లో ఉంటాం. రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. ఈసారి ఒక పూట ఆ ఊరి బడిలో ఒకటో తరగతి గదిలో కూర్చుందాం. పాదాలు నేలకు అందని పిల్లలెందరో, బలపాన్ని గుప్పిటతో పట్టేవాళ్లెందరో రాసుకుని, ఆ జాబితాను మన విద్యార్థి సంఘం తరఫున మండల విద్యాధికారి గారికి అందజేద్దాం. పోతూ పోతూ ప్రతి బెంచీ కింద రెండు ఇటుకలైనా పెట్టి వద్దాం.